రాసిచ్చిన మర్యాద

సూది గుచ్చే ముందు మనిషికి కోపమైనా తెప్పించాలి, నవ్వైనా తెప్పించాలి. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు, ఏ శిక్షణలోనూ చెప్పరు. డయాలసిస్ గదిలో పదిహేడేళ్ళు నిలబడి, రోజుకు పదహారు చేతులకు రెండేసి సూదులు గుచ్చగా గుచ్చగా ఆమెకు తనంతట తానే తెలిసింది. అవి జ్వరం ఇంజెక్షను సూదుల్లాంటివి కావు. బొంత కుట్టే దబ్బనంలో సగం లావుంటాయి. ఆ సూదిని చూస్తూ కూర్చున్న మనిషికి చెయ్యి బిగుసుకుంటుంది, నరం పక్కకు జారుతుంది, నొప్పి రెట్టింపవుతుంది. అదే ఒక మాట అని రెచ్చగొడితే, బదులు చెప్పడానికి నోరు తెరిచిన ఆ క్షణంలో చెయ్యి దాని మానాన అది వదులవుతుంది. సూది వెళ్ళిపోతుంది. పేషెంట్లు ఆమెకు సూదమ్మ అని పేరు పెట్టుకున్నారు. రిజిస్టరులో ఉన్న పేరు జీతం రోజున తప్ప ఎవరికీ అవసరం రాదు.

ఆ సోమవారం పొద్దున నాలుగో మంచం మీద ఇంజనీరు గారు కూర్చున్నారు. ఆయన వైద్యానికి రావడం మొదలుపెట్టి రెండు వారాలే అయింది. రిటైరై ఏడేళ్ళయినా చొక్కా జేబులో పెన్ను మానలేదు. ఎడమ చెయ్యి చాపి దిండు మీద పెట్టి, ఆ చేతితో తనకేమీ సంబంధం లేదన్నట్టు గోడ వైపు చూస్తున్నారు. సూదమ్మ మోచేతి కింద ఉబ్బిన నరం మీద మూడు వేళ్ళు ఆనించింది. లోపల రక్తం జుమ్మని పరుగెడుతోంది. బాగుంది. దూదితో తుడిచింది, ఆరనిచ్చింది, సూది తీసింది.

"ఏం నాన్నా, నువ్వు కట్టిన వంతెనల్లో ఇంకా ఎన్ని నిలబడి ఉన్నాయి?"

"ఏమన్నావ్?" అని ఆయన ఇటు తిరిగేలోపు మొదటి సూది లోపలుంది. "ముప్పై ఒక్క వంతెనలమ్మా! ఒక్కదానికి వెంట్రుకంత పగులు చూపించమను!" రెండోదీ వెళ్ళింది.

"అన్నీ అంత గట్టిగా నిలబడితే మరి నువ్వెందుకిలా ఒరిగిపోయావు? తిన్నగా కూర్చో." ఆమె గొట్టాలు కలిపి, టేపు అంటించి, మిషను తిప్పింది. ఎర్రటి గీత ఒకటి గొట్టం వెంట పాకి మిషన్లోకి వెళ్ళింది.

మూడో మంచం మీద దర్జీ పగలబడి నవ్వాడు. ఇంజనీరు గారి ముఖం జేవురించింది. సూది నొప్పి పుట్టలేదన్న సంగతి ఆయన గమనించనే లేదు. ఆయన గమనించింది ఆ 'నువ్వు' ఒక్కటే, దాని వెనకొచ్చిన నవ్వు ఒక్కటే.

దర్జీకి నలభై దాటాయి. ఐదేళ్ళుగా సోమ, బుధ, శుక్రవారాలు అదే మంచం. కొట్టు వెనక గదిలో ఒంటరిగా ఉంటాడు. ఎక్కడికీ వెళ్ళేది లేని మనిషి, ఆసుపత్రికి మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకొని వస్తాడు. ఆ పొద్దున అతను తూకం మీద నిలబడ్డప్పుడు కూడా రోజూ జరిగేదే జరిగింది.

"రెండు కిలోల రెండొందలు ఎక్కువ. ఒరేయ్, నూతిలో పడ్డావా?"

"ఎండలక్కా."

"ఎండ నాకు మాత్రం లేదా? నేను తాగితే బయటికి పోతుంది. నీకు పోదు, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఎన్నిసార్లు చెప్పాలి? బుద్ధుందా నీకు?"

"బుద్ధుంటే బుద్ధిగా కిడ్నీలు చూసుకొనేవాణ్ణి కదక్కా."

అలా తిట్లు తిని, తృప్తిగా వెళ్ళి తన మంచం మీద కూర్చునేవాడు. మళ్ళీ బుధవారం దాకా గ్లాసు ఎత్తినప్పుడల్లా ఆ తిట్లే గుర్తొస్తాయనీ, సగం తాగి దింపేస్తాననీ తనే చెప్పాడు ఒకసారి.

మంగళవారం సూదమ్మకు మేనేజరు గదినుంచి పిలుపొచ్చింది. మేనేజరు వచ్చి నాలుగు నెలలైంది. ముప్పై ఏళ్ళుంటాయి. బల్లకు ఇటువైపు రెండు కుర్చీలున్నాయి గాని కూర్చోమనలేదు. ఆమెకూ కూర్చోవాలని తోచలేదు.

"చూడమ్మా, నువ్విక్కడ ఎంతకాలం నుంచి చేస్తున్నావు?"

"పదిహేడేళ్ళు సార్."

"పదిహేడేళ్ళ నుంచీ పేషెంట్లని నువ్వు అనే పిలుస్తున్నావా?"

"మనిషిని బట్టి సార్."

"మనిషిని బట్టేంటి? మర్యాద మనిషిని బట్టి ఉంటుందా? నాలుగో మంచం ఇంజనీరు గారు ఫిర్యాదు రాసిచ్చారు. ఆయన నీకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. ఎంత పెద్ద ఉద్యోగం చేసి వచ్చారు! అలాంటాయన్ని పట్టుకొని నలుగురిలో నువ్వు, నాన్న, ఒరిగిపోయావు అంటే ఆయనకెలా ఉంటుంది? నువ్వే చెప్పు."

మేనేజరు ఆమెకంటే పదహారేళ్ళు చిన్న. ఆ సంగతి గదిలో ఉన్న ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. అతనికి అలా మాట్లాడటం అలవాటు, ఆమెకు వినడం అంతకంటే అలవాటు.

అతను ఒక కాగితం ముందుకు జరిపాడు. టైపు చేసి సిద్ధంగా ఉంది. ఇకమీద పేషెంట్లందరినీ 'మీరు' అని మాత్రమే సంబోధిస్తానని, వరసలు పెట్టి పిలవనని, ఎగతాళి మాటలు ఆడనని అందులో ఉంది.

"ఇక్కడ సంతకం పెట్టు. ఇంకోసారి ఇలాంటిది నా దృష్టికొస్తే మాత్రం నెలాఖరున నీ కాంట్రాక్టు పొడిగించడం నా చేతిలో ఉండదు. అర్థమైందా?"

"అర్థమైందండి."

సంతకం పెట్టింది. మెట్లు దిగుతూ, అవమానంగా ఉందేమోనని తనలో తాను వెతుక్కుంది. ఏమీ లేదు. కోపం కూడా లేదు. తిమ్మిరెక్కిన కాలితో నడిచినట్టు మెట్టు మీద మెట్టు దిగింది, అంతే.

సాయంత్రం కూరగాయలు తరుగుతూ కూతురికి చెప్పింది. కూతురు ఏదో కంపెనీకి ఫోన్లలో ఫిర్యాదులు వింటుంది. రోజుకు తొమ్మిది గంటలు చెవులకు తగిలించుకున్న పరికరంతో మీరు, అండి, క్షమించండి అని చెబుతుంది. ఇంటికొచ్చాక ఆ చెవుల్ని కాసేపు నలుపుకొని గాని మాట్లాడదు.

"అంతేనా? దానికింత దిగులా?" అంది కూతురు.

"దిగులేం లేదు. ఊరికే చెప్పాను."

"మీరు అనేసెయ్యి, హాయిగా ఉంటుంది. నేను చెబుతున్నా కదమ్మా. వాడు అటునుంచి ఎన్ని బూతులు తిట్టినా ఆ 'మీరు' దగ్గరే ఆగిపోతాయి. నా దాకా రావు."

"మంచిమాటలో?"

కూతురు కొంచెం ఆలోచించింది. "అవీ రావు," అంది. "ఉప్పెక్కడుంది?"

బుధవారం సూదమ్మ తలుపు దగ్గరే మొదలుపెట్టింది. "రండి. తూకం మీద నిలబడండి. ఎలా ఉన్నారండీ?"

దర్జీ ముందు అదేదో కొత్త రకం వేళాకోళమనుకున్నాడు. "బాగానే ఉన్నామండీ! తమరెలా ఉన్నారండీ!" అని వంగి దండం పెట్టాడు. ఆమె నవ్వలేదు. "రెండు కిలోల ఎనిమిదొందలు ఎక్కువున్నారండి. నీళ్ళు తగ్గించుకోవాలండి," అని పుస్తకంలో రాసుకుంది. సూది గుచ్చేటప్పుడు "గుచ్చుతున్నానండి" అంది. అతను పళ్ళు బిగబట్టాడు. అప్పటిదాకా నవ్వుతున్నవాడల్లా ఆమె ముఖంలోకి చూసి నవ్వు మానేశాడు.

ఇంజనీరు గారి దగ్గరా అంతే. "కొద్దిగా నొప్పి ఉంటుందండి," అని ముందే చెప్పింది. చెప్పగానే ఆయన చెయ్యి కర్రలా బిగిసింది. సూది చర్మం దాటి ఆగిపోయింది. వెనక్కి లాగి, వాలు మార్చి మళ్ళీ తోయాల్సి వచ్చింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇదివరకు ఇంత నొప్పి లేదే?"

"సూది అదేనండి."

ఆయన ఇంకేదో అడగబోయి మానుకున్నారు. తను కోరిందే జరుగుతోంది మరి. పక్క మంచాల వాళ్ళకు ఏదో జరిగిందని తెలుసు, ఎవరివల్ల జరిగిందో కూడా తెలుసు. ఆయన వైపు ఎవరూ చూడలేదు. ఎనిమిది మిషన్లు తిరుగుతున్న చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ వినబడలేదు.

రెండో గంటలో దర్జీ మెల్లగా పిలిచాడు. "అక్కా, నేనేం తప్పు చేశాను?"

"తప్పేం లేదండి. రూలు."

"రూలు ఆయనకు కదా. నాక్కూడానా?"

"అందరికీ అని రాసిచ్చానండి."

అతని ముఖం చిన్నబోయింది. చూస్తే జాలి వేయాల్సిన ముఖం అది. వేయలేదు. సూదమ్మ మిషను మీద అంకెలు చూసి, రాసుకొని, ఐదో మంచం దగ్గరికి వెళ్ళింది. కూతురు చెప్పింది నిజమే. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమె తలలో పేషెంట్లెవరూ లేరు. ఎవరు అన్నం తిన్నారో, ఎవరి కాళ్ళు వాచాయో, ఎవరి మంచం ఈ నెలలో ఖాళీ అవుతుందో అన్న ఆలోచన రాలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూసింది. ఏం చూసిందో దిగాక గుర్తులేదు. ఇన్నాళ్ళూ ఈ సుఖం తెలియకుండానే బతికానే అనుకుంది, కాని అది సుఖంలాగా కూడా లేదు.

శుక్రవారం దర్జీ మూడు కిలోల తొమ్మిదొందలు ఎక్కువొచ్చాడు. చొక్కా నలిగి ఉంది.

"పరిమితి దాటారండి. ఇలా అయితే గుండెకు ఇబ్బందండి."

అతను తూకం దిగలేదు. ఎదురుచూస్తూ నిలబడ్డాడు. "అంతేనా?" అన్నాడు చివరికి.

"అంతేనండి. దిగండి, వెనక వాళ్ళున్నారు."

అంత నీరు నాలుగు గంటల్లో లాగాలంటే ఒళ్ళు ఒప్పుకోదు. మూడో గంటలో అతని కాలి పిక్క రాయిలా బిగుసుకుంది. "అమ్మో" అని మంచం కమ్మీ పట్టుకున్నాడు. సూదమ్మ మిషను వేగం తగ్గించి, అతని పాదాన్ని అరచేత్తో వెనక్కి వంచి పట్టుకుంది. చేతులు ఎప్పటిలాగే పనిచేశాయి, ఎంత బలంగా వంచాలో, ఎప్పుడు వదలాలో వాటికి తెలుసు.

"ఇప్పుడెలా ఉందండీ?"

దర్జీ కళ్ళు మూసుకునే మాట్లాడాడు. "మా అమ్మ పోయాక నన్ను ఒరేయ్ అనే నోరు ఈ ఊళ్ళో ఇదొక్కటే మిగిలిందక్కా. అది కూడా మూతబడింది."

"కాలు చాపండి," అంది సూదమ్మ.

నాలుగో మంచం మీద ఇంజనీరు గారు పేపరు చదువుతున్నారు. చాలాసేపటి నుంచి ఒకే పేజీ చదువుతున్నారు.

శుక్రవారం తర్వాత సోమవారం దాకా వైద్యం ఉండదు. వారంలో అదే పెద్ద ఎడం. ఒంట్లో చేరిన నీరు ఎటూ పోకుండా ఉండిపోయే రోజులవి. అందుకే సోమవారం పొద్దున ఏడింటికల్లా ఎవరు రాకపోయినా సూదమ్మ ఊరుకోదు. ఆ సోమవారం ఏడైంది, ఏడుంపావైంది, అందరికీ సూదులు పెట్టడం అయింది, మూడో మంచం ఖాళీగానే ఉంది. గొట్టాలు కడిగి సిద్ధంగా ఉంచిన మిషను, మనిషి ఏడని అడిగినట్టు, ఉండుండి కూత పెడుతోంది.

అదే సమయానికి మేనేజరు గదిలోకొచ్చాడు. నేరుగా నాలుగో మంచం దగ్గరికి వెళ్ళాడు. "నమస్కారం సార్. ఇప్పుడెలా ఉంది? సిబ్బంది మర్యాదగా ఉంటున్నారా?"

"ఆఁ," అన్నారు ఇంజనీరు గారు. ఆయన చెయ్యి మోచేతి కింద నల్లగా కమిలి ఉంది.

సూదమ్మ తలుపు పక్కన గోడకున్న ఫోను అందుకుంది. దర్జీ చాలాసేపటికి ఎత్తాడు.

"హలో, డయాలసిస్ నుంచి మాట్లాడుతున్నామండి. ఈరోజు మీ టైము ఏడింటికండి. మీరింకా రాలేదండి."

"రేపొస్తానండి," అన్నాడు దర్జీ.

ఐదేళ్ళలో అతను ఆమెను అండి అనడం ఇదే మొదలు, వేళాకోళానికి తప్ప.

"రేపు మంచం ఖాళీ ఉండదండి. ఈరోజే రావాలండి. రాకపోతే ప్రమాదమండి."

"పర్లేదండి. మీరు... శ్రమ... తీసుకోకండి."

మూడు మాటలకు రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు. సూదమ్మ రిసీవరు చెవికి గట్టిగా నొక్కుకుంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా అడుగున సన్నగా నీళ్ళు కదిలిన చప్పుడు. పడుకోలేక రాత్రంతా కూర్చునే ఉండి ఉంటాడు. సాయంత్రం దాకా ఆగడు. వచ్చి పడుకోవడానికి మంచముంది, ఎక్కించడానికి మిషనుంది, ఆ మనిషికి మాత్రం రావాలని లేదు. రమ్మని చెప్పడానికి తన దగ్గరున్న మర్యాద మాటలన్నీ అయిపోయాయి.

ఆమెకు భయమేసింది. వారం రోజుల్లో ఆమెకు ఏదైనా అనిపించడం అదే మొదటిసారి. మేనేజరు ఆరడుగుల దూరంలో ఉన్నాడని ఆమెకు తెలుసు. నెలాఖరు ఇంకా తొమ్మిది రోజులుందని కూడా తెలుసు.

"ఒరేయ్!"

ఏడు మంచాల మీది తలలు ఇటు తిరిగాయి.

"ఒరేయ్ వెధవా, మాటకో ఊపిరి తీస్తున్నావు, నాకు వినబడదనుకున్నావా? రేపొస్తాడంట రేపు! రేపటికి నువ్వుంటే కదరా! ఎన్ని బిందెలు తాగావు? పక్కకొట్టు ఆయన్ని కేకెయ్యి. కేకెయ్యలేకపోతే గోడ మీద కొట్టు. బండెక్కు. పడుకోకు, కూర్చునే రా. అరగంటలో నా కళ్ళముందు లేకపోతే నేనే వచ్చి చొక్కా పట్టుకొని ఈడ్చుకొస్తాను. వింటున్నావా?"

అటునుంచి దగ్గో నవ్వో తెలియని చప్పుడొకటి వచ్చింది. "వస్తున్నా... అక్కా."

పాతిక నిమిషాల్లో వచ్చాడు. పక్కకొట్టు ఆయన భుజం మీద వాలి, పెదవులు నీలంగా మారి. తూకం వేసే సమయం లేదు. సూదమ్మ అతన్ని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, ముక్కుకు ఆక్సిజను పెట్టి, చెయ్యి అందుకుంది. అతను ఏదో చెప్పబోయాడు. "నోరు మూసుకో," అంది. రెండు సూదులూ వెళ్ళాయి. డ్యూటీ డాక్టరు వచ్చి గుండె మీద స్టెతస్కోపు పెట్టి విని, మందు రాసి, ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని అనేసి వెళ్ళాడు. పది దాటాక దర్జీ ఊపిరి కుదుటపడింది. పెదవులకు రంగొచ్చింది. నోరు తెరుచుకొని నిద్రపోయాడు.

అప్పుడు గాని సూదమ్మ ఆ మంచం దగ్గర్నుంచి కదల్లేదు. సింకు దగ్గర నీళ్ళు వదిలి చాలాసేపు చేతులు కడుక్కుంది. వెనక్కి తిరిగేసరికి మేనేజరున్నాడు. ఆమె సంతకం పెట్టిన కాగితం అతని చేతిలో ఉంది.

"ఇది నీ సంతకమే కదా?"

"నాదే సార్. అతను ప్రమాదంలో ఉన్నాడు సార్."

"ప్రమాదంలో ఉంటే నాకు చెప్పాలి, అంబులెన్సు పంపిస్తాం. ఒక పద్ధతి ఏడ్చింది కదా దానికి! వెధవా అనాలా? ఇంతమంది వింటుండగా, నేనిక్కడ నిలబడి ఉండగా! రాసిచ్చిన మాట నీకు వారం కూడా గుర్తులేదంటే ఇంక నేనేం చెయ్యను?"

అంబులెన్సు వాళ్ళు తలుపు కొడితే దర్జీ తీసేవాడు కాదని ఆమెకు తెలుసు. అది ఎలా తెలుసో, ఎందుకు తెలుసో చెప్పాలంటే ఐదేళ్ళూ చెప్పాలి. తడి చేతులు తుడుచుకుంది.

"నెలాఖరు దాకా చెయ్యి. ఆ తర్వాత రానక్కర్లేదు."

ఇంజనీరు గారు మంచం మీద లేచి కూర్చోబోయారు. గొట్టాలు బిగిసి మిషను కూత పెట్టింది. "ఇదిగో, చూడండి. నేను మళ్ళీ ఏమీ రాసివ్వలేదు. ఇవ్వను కూడా."

"మీరు రాయనక్కర్లేద్సార్," అన్నాడు మేనేజరు ఎంతో వినయంగా. "నేనే స్వయంగా విన్నాను. మీకిక ఇలాంటి ఇబ్బంది ఉండదు." ఆయనకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

సూదమ్మ వచ్చి మిషను కూత ఆపింది. గొట్టం మెలిక సరిచేసింది. ఆరో మంచం వాళ్ళెవరో "అక్కా" అని ఏదో అనబోతే చేత్తోనే ఆపింది. నెలాఖరు తర్వాత ఏం చెయ్యాలో ఆలోచించాలి. ఆలోచన రాలేదు. బుధవారం దర్జీకి తూకం వేసినప్పుడు ఏం తిట్టాలా అని మాత్రం అప్పుడే తల్లో మొదలైంది. నెలాఖరు దాకా ఇంకా నాలుగు తూకాలున్నాయి.

పదకొండింటికి ఇంజనీరు గారి నాలుగు గంటలు పూర్తయ్యాయి. రక్తమంతా వెనక్కి పంపి, ఒక్కొక్క సూదీ తీసి, ఆ చోట గాజుగుడ్డ పెట్టి రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుంది. పది నిమిషాలు అలాగే నొక్కి ఉంచాలి. తక్కువైతే రక్తం ఆగదు, ఎక్కువైతే నరం మూసుకుపోతుంది. ఆమె గోడ గడియారం చూస్తూ నిలబడింది. ఆయన ఆమె వేళ్ళ కింద ఉన్న తన చెయ్యి చూస్తూ కూర్చున్నారు. కమిలిన చోటు అంచులు పసుపుగా మారుతున్నాయి. నాలుగు నిమిషాలు, ఐదు నిమిషాలు. ఆయన గొంతు సవరించుకున్నారు. మళ్ళీ సవరించుకున్నారు.

"మీరు పొద్దుటినుంచీ నిలబడే ఉన్నారు. కాస్త ఆ స్టూలు లాక్కొని కూర్చోండి."

సూదమ్మ వేళ్ళు కదపకుండా, తల మాత్రం వెనక్కి తిప్పి చూసింది, ఎవరొచ్చి నిలబడ్డారోనని. వెనక దర్జీ నిద్రపోతున్నాడు. ఇంకెవరూ లేరు.